న్యూయార్క్‌లో తక్కువ ఖర్చుతో మంచి భోజనం: క్వీన్స్ హోటళ్లను వెతికే పద్ధతి

న్యూయార్క్ చూడటానికి వచ్చే మనవాళ్లలో చాలామంది టైమ్స్ స్క్వేర్ చుట్టుపక్కలే ఎక్కడో ఒకచోట తినేసి, ఈ ఊళ్లో తిండికి ధర ఎక్కువ, రుచి తక్కువ అని తేల్చేస్తారు. టైమ్స్ స్క్వేర్ వరకు ఆ మాట నిజమే. అక్కడి హోటలు రేపు మళ్లీ రాని మనిషి కోసం వండుతుంది, పైగా ఆ వీధి అద్దె కూడా ఆ మనిషి బిల్లులోంచే రావాలి. ఊదారంగు గుండ్రటి గుర్తు ఉండే 7వ నంబరు సబ్‌వే రైలెక్కి ఈస్ట్ రివర్ దాటి న్యూయార్క్ నగరంలోనే మరో భాగమైన క్వీన్స్‌లోకి వెళితే సంగతి పూర్తిగా మారిపోతుంది. దాదాపు 24 లక్షల జనాభా ఉన్న ఈ ప్రాంతంలో సుమారు సగం మంది అమెరికా బయట పుట్టినవారు. 1965 నాటి వలస చట్టం ఆసియా దేశాలవారికి తలుపులు తెరిచిన తరువాత ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు తమ కోసం తాము పెట్టుకున్న హోటళ్లు ఈ రైలు దారి పొడవునా ఉన్నాయి.

అందుచేత హోటలు పేరు వెతకడానికి ముందు పేటను ఎంచుకోవడం మేలు. ఏ వంట తినాలనుకుంటున్నారో ఆ వంట రోజూ తినేవారు ఎక్కడ నివసిస్తున్నారో తెలుసుకుని, ఆ రెండు మూడు వీధులకు వెళ్లి అక్కడ హోటలు చూసుకుంటే పొరపాటు పడే అవకాశం బాగా తగ్గుతుంది. ఒకే వంట వండే నాలుగు హోటళ్లు పక్కపక్కన ఉన్నప్పుడు ధర పెంచడం ఎవరి తరమూ కాదు, రుచి తగ్గితే గిరాకీ ఎదుటి కొట్టుకు పోతుంది. థాయ్ వంటకు వుడ్‌సైడ్, ఎల్మ్‌హర్స్ట్. నేపాలీ, టిబెటన్, బంగ్లాదేశీ వంటలకు జాక్సన్ హైట్స్. ఫిలిపినో వంటకు 69వ వీధి స్టేషన్ పరిసరాలు. చైనా ప్రాంతీయ వంటలకు, కొరియన్ వంటకు ఫ్లషింగ్ పెట్టింది పేరు.

ప్రయాణంలో ఒక చిన్న మెలిక ఉంది. పనిదినాలలో రద్దీ వేళల్లో 7వ నంబరు రైలు ఎక్స్‌ప్రెస్‌గా కూడా నడుస్తుంది. ఉదయం టైమ్స్ స్క్వేర్ ఉన్న మాన్‌హట్టన్ వైపు, సాయంత్రం ఫ్లషింగ్ వైపు. ఆ ఎక్స్‌ప్రెస్ వుడ్‌సైడ్‌లో ఆగుతుంది కానీ జాక్సన్ హైట్స్‌కు దిగవలసిన 74వ వీధిలో ఆగదు. అంకె చుట్టూ గుండ్రటి గీత ఉంటే అన్ని స్టేషన్లలో ఆగే బండి, వజ్రం ఆకారం ఉంటే ఎక్స్‌ప్రెస్. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచో ఇసెలిన్ నుంచో వచ్చేవారు మాన్‌హట్టన్‌లోని పెన్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి ‘ఇ’ (E) రైలు ఎక్కితే నేరుగా జాక్సన్ హైట్స్‌కు చేరతారు. ఫ్లషింగ్‌కైతే అదే పెన్ స్టేషన్ నుంచి లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ బండి కూడా ఉంది. టికెట్టు ధర కొంచెం ఎక్కువైనా సమయం బాగా కలిసివస్తుంది.

ఇక ఫోనులో వెతకడం. మ్యాప్‌లో ‘ఏషియన్ రెస్టారెంట్’ అని కొడితే ప్యాడ్ థాయ్, సుషీ, ఆరెంజ్ చికెన్ మూడూ ఒకే మెనూలో పెట్టిన కొట్లు ముందు వరుసలో కనిపిస్తాయి. అన్ని దేశాల వంటలూ వండేచోట ఏ దేశపు వంటా సరిగా కుదరకపోవడమే ఎక్కువ. అందుకని వంటకం పేరుతో వెతకాలి: ఝోల్ మోమో (ఆవిరి మీద ఉడికించి పులుసులో వేసే నేపాలీ కుడుములు), లాఫింగ్ (టిబెటన్ చల్లటి నూడుల్స్), ఖావ్ సోయ్ (ఉత్తర థాయ్‌లాండ్ నూడుల్స్ కూర), చేత్తో లాగిన నూడుల్స్. తరువాత సమీక్షలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోవాలి, ఎందుకంటే ఈ చిన్న హోటళ్లలో వంటమనిషి మారితే రెండేళ్ల కిందటి పొగడ్త దేనికీ పనికిరాదు. యజమాని పెట్టిన ఫోటోలు వదిలేసి, తిన్నవారు తీసిన ఫోటోలు చూడాలి. ఒకే వంటకం పదిమంది బల్లల మీద కనిపిస్తే ఆ హోటలు దేనికి పేరుపడిందో అదే చెబుతుంది. నక్షత్రాల సంఖ్య మీద నాకు పెద్ద గురి లేదు. ‘నవ్వుతూ పలకరించలేదు, నీళ్లు రెండుసార్లు అడగాల్సి వచ్చింది, కుర్చీలు ఇరుకు’ అని నక్షత్రాలు కోసేసి, చివర్లో ‘నూడుల్స్ మాత్రం అద్భుతం’ అని రాసిన సమీక్షలున్న 4.1 హోటలు, సేవను మాత్రమే పొగిడిన 4.8 హోటలు కంటే సాధారణంగా మంచి బేరం. డెలివరీ యాప్‌లు మెనూ చదువుకోవడానికి పనికొస్తాయి. కానీ వాటిలోని ధరలు చాలాసార్లు హోటలు ధరల కంటే ఎక్కువగా ఉంటాయి, ఆవిరి మీద ఉడికిన వంటకమేదీ డబ్బాలో అరగంట తట్టుకోదు.

హోటలు గుమ్మం దగ్గర నిలబడినప్పుడు కిటికీకి అతికించిన అక్షరం చూడండి. నగర ఆరోగ్య శాఖ 2010 నుంచి తనిఖీల ఫలితాన్ని ఇలా అందరికీ కనిపించేలా పెట్టిస్తోంది. తప్పులు దొరికేకొద్దీ పాయింట్లు పెరుగుతాయి కనుక తక్కువ పాయింట్లే మంచివి: 13 వరకు ఎ, 14 నుంచి 27 వరకు బి, 28, ఆపైన సి. ఇది శుభ్రతకు, ఆహారాన్ని సరైన వేడిలో, సరైన చల్లదనంలో ఉంచడానికి సంబంధించిన కొలతే తప్ప రుచికి సంబంధించింది కాదు. చల్లటి పదార్థం 41 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపల, వేడి పదార్థం 140 డిగ్రీల పైన ఉండాలన్న నియమానికి, గది వేడిలోనే ఉంచడం అలవాటైన కొన్ని ఆసియా వంటకాలకు పొసగదు కాబట్టి బి చూసి వెనుదిరగనక్కరలేదు. సి ఉంటే మాత్రం ఆరోగ్య శాఖ వెబ్‌సైటులో ఆ హోటలు పేరు కొట్టి, పాయింట్లు ఎందుకు పడ్డాయో చదివి, ఎలుకలో పురుగులో కారణమైతే పక్క కొట్టుకు వెళ్లండి.

జాక్సన్ హైట్స్‌తో మొదలుపెట్టడం మనవాళ్లకు తేలిక, ఎందుకంటే 74వ వీధిలో పచారీ కొట్లు, మిఠాయి కొట్లు, చీరల దుకాణాలు కాస్త పరిచయం ఉన్నట్టే కనిపిస్తాయి. అయితే అక్కడి బఫే హోటళ్ల దగ్గర ఆగిపోకుండా, స్టేషనుకు దగ్గరలోనే ఉన్న డైవర్సిటీ ప్లాజా వైపు రెండడుగులు వేయాలి. నేపాలీ, టిబెటన్ మోమోలు అమ్మే చిన్న కొట్లూ బండ్లూ అక్కడే గుంపుగా ఉన్నాయి. ఒక ప్లేటు 10 డాలర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది, దానితో ఒక మనిషికి కడుపు నిండుతుంది. చెప్పిన తరువాత పది పదిహేను నిమిషాలు ఆగమన్నారంటే విసుక్కోవద్దు, అప్పటికప్పుడు ఆవిరి పట్టిస్తున్నారన్నమాట. మంచి మోమో పైపొర అంచుల దగ్గర పలచగా, మడతలు కలిసేచోట మాత్రమే కొంచెం మందంగా ఉంటుంది. చెంచాలో పెట్టుకుని ఒక మూల చిన్నగా కొరికి లోపలి రసం పీల్చిన తరువాతే మిగిలినది తినాలి, లేకపోతే ఆ రసం చొక్కా పాలవుతుంది. టిబెటన్ కొట్లలో ఏమీ చెప్పకుండా మోమో అడిగితే ఎక్కువగా గొడ్డుమాంసం మోమోలే వస్తాయి కనుక, తిననివారు చికెనో కూరగాయలో ముందే స్పష్టంగా చెప్పాలి. అదే చుట్టుపక్కల సాయంత్రాలు నిలబడే బంగ్లాదేశీ ఫుచ్కా బండ్ల దగ్గర, మన పానీపూరీలాంటి దాని మీద ఉడికించిన గుడ్డు తురుము చల్లుతారు. గుడ్డు తిననివారు పూరీ నింపకముందే వద్దని చెప్పాలి.

అక్కడి నుంచి ఎల్మ్‌హర్స్ట్ నడిచి వెళ్లేంత దూరమే. బ్రాడ్‌వే, వుడ్‌సైడ్ అవెన్యూ, విట్నీ అవెన్యూల మీద థాయ్, ఇండోనేషియా హోటళ్లు ఉన్నాయి. థాయ్ హోటలు మంచిదో కాదో తెలుసుకోవడానికి మెనూలో ఎర్ర కూర, పచ్చ కూర, ప్యాడ్ థాయ్ దాటిన తరువాత ఏముందో చూడండి. ఇసాన్ ప్రాంతపు బొప్పాయి సలాడ్, దక్షిణ థాయ్‌లాండ్ పులుసు కూరలు, పడవ నూడుల్స్‌లాంటివి ఉన్నాయంటే థాయ్‌వారు తినడానికి వస్తున్నారని అర్థం. ‘కారం ఎంత’ అని అడిగితే మన వీరత్వం చూపించుకోవాల్సిన పని లేదు. థాయ్ కారం గుంటూరు కారంలాగా మెల్లగా ఎక్కేది కాదు, పచ్చి మిరపకాయ ఘాటుతో ఒక్కసారిగా ముక్కుకు తగులుతుంది. మొదటిసారి మధ్యస్థంగా చెప్పి, బల్ల మీద ఇచ్చే మిరప్పొడితో సరిచూసుకోవడం ఉత్తమం.

శాకాహారులు ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. ‘వెజిటబుల్’ అని రాసి ఉన్న థాయ్ కూరలో కూరగాయలు ఉంటాయన్నదే హామీ. కూర మసాలాలో పులియబెట్టిన రొయ్యల ముద్ద, పైన చేపల సాస్ ఉండటం మామూలే. ‘జే’ అంటే అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు, వెల్లుల్లి ఏవీ లేని బౌద్ధ ఉపవాస భోజనం, ‘మై సై నామ్ ప్లా’ అంటే చేపల సాస్ వేయవద్దని. ఈ రెండు మాటలూ అరగంట వివరణ కంటే బాగా పనిచేస్తాయి. చైనా హోటళ్లలో ఆయిస్టర్ సాస్‌తోను, కూరగాయల మీద పోసే మాంసం రసంతోను ఇదే చిక్కు. వేపిన బీన్స్, మాపో టోఫూ రెండింటిలోను మాంసం కీమా, తరచు పందిది, కలపడం ఆనవాయితీ, కాబట్టి టోఫూ పేరు చూసి నమ్మి చెప్పేయకూడదు.

ఫ్లషింగ్‌కు ఆకలితోనే వెళ్లండి. మెయిన్ స్ట్రీట్ స్టేషన్ మెట్లెక్కి బయటికి రాగానే కొన్ని అడుగుల దూరంలో, రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద న్యూ వరల్డ్ మాల్ ఉంది. ఆ మాల్ నేలమాళిగలో ఉన్న ఫుడ్ కోర్టులో చైనాలోని ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క కొట్టు ఉన్నట్టే అనిపిస్తుంది. అక్కడ కూర్చునే చోటు ముందు చూసుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి తలా ఒక కొట్టులో తెచ్చుకుని పంచుకుంటే ఒక్కొక్కరికి 15 డాలర్ల లోపే మూడు నాలుగు రుచులు దొరుకుతాయి. గోబీ మంచూరియా, షెజువాన్ ఫ్రైడ్ రైస్‌లకు అలవాటు పడిన నాలుకకు ఇక్కడి సిచువాన్ వంట కొత్తగా తోస్తుంది: ఎండుమిర్చి వాసన తెలిసిందే, కానీ దానితోపాటు వేసే సిచువాన్ మిరియాలు పెదవులను తిమ్మిరెక్కిస్తాయి. ఎక్కువ కొట్లలో గోడ మీద బొమ్మలకు నంబర్లు వేసి ఉంటాయి, నంబరు చెప్పి వేలు చూపిస్తే చాలు. తూకం మీద అమ్మే ‘మాలా’ (తిమ్మిరి, కారం కలిసిన చైనా వేపుడు) కొట్లలో మాత్రం కాస్త తెలివిగా ఎంచుకోవాలి. గిన్నె తీసుకుని కావలసిన కూరగాయలు, టోఫూ, పుట్టగొడుగులు, మాంసం వేసి ఇస్తే తూచి, కారంలో వేపి ఇస్తారు. చాలాచోట్ల అన్నిటికీ ఒకటే ధర కనుక బంగాళాదుంప, నానిన నూడుల్స్ గిన్నె నిండా వేసుకుంటే బరువుకు డబ్బు కట్టినట్టే. ఆకుకూరలు, టోఫూ పొరలు, చెక్కచెవి పుట్టగొడుగులు తేలికగా ఉండి కారాన్ని బాగా పట్టుకుంటాయి. నూడుల్స్ కొట్టు దగ్గర పిండిని బల్లకేసి కొట్టి సాగదీసే చప్పుడు వినిపిస్తే ఆగవచ్చు. ఈనాడు మాన్‌హట్టన్ అంతా శాఖలున్న షియాన్ ఫేమస్ ఫుడ్స్ కూడా ఈ ఫ్లషింగ్‌లోనే, గోల్డెన్ షాపింగ్ మాల్ నేలమాళిగలోని ఇరుకు కొట్టులో జీలకర్ర, గొర్రెమాంసం నూడుల్స్‌తో పేరు తెచ్చుకుంది.

ఫ్లషింగ్‌లో చైనా వంట వద్దనుకునేవారికి, వెంట వచ్చిన అమ్మానాన్నలకు, బౌన్ స్ట్రీట్ మీద 1977లో ప్రతిష్ఠ జరిగిన గణేశ్ ఆలయం ఉంది. ఆలయం కింది అంతస్తులోని క్యాంటీన్‌లో దోసె, ఇడ్లీ, పులిహోరలాంటివి కాగితం ప్లేట్లలో, హోటళ్ల కంటే తక్కువ ధరకు దొరుకుతాయి. వారాంతాల్లో మధ్యాహ్నం వరుస పొడవుగా ఉంటుంది కాబట్టి పదకొండు గంటలకల్లా చేరుకోవడం మంచిది.

బిల్లు దగ్గర మెనూ ధర ఒక్కటే లెక్కపెట్టుకుంటే దెబ్బతింటారు. దాని మీద అమ్మకం పన్ను 8.875 శాతం పడుతుంది. బల్ల దగ్గరికి వచ్చి వడ్డించే హోటలైతే టిప్పు 18 నుంచి 20 శాతం ఇవ్వడం ఇక్కడి ఆచారం. లెక్క కుదరకపోతే బిల్లులో ఉన్న పన్నును రెట్టింపు చేసి కాస్త పైన వేస్తే సరిపోతుంది. పెద్ద గుంపుగా వెళ్లినప్పుడు టిప్పును బిల్లులోనే కలిపేస్తారు కనుక, చూసుకోకుండా రెండోసారి ఇచ్చేయకండి. కౌంటరు దగ్గర మనమే తెచ్చుకునేచోట తెర మీద టిప్పు అడిగినా ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం. చిన్న కొట్లలో నగదు మాత్రమే తీసుకునేవి ఇంకా ఉన్నాయి, 40 డాలర్లు చిల్లరగా దగ్గర ఉంచుకుంటే కొట్టులోని ఏటీఎంకు రుసుము కట్టే పని తప్పుతుంది. పనిదినాల మధ్యాహ్నం లంచ్ స్పెషల్ ఉందేమో అడగండి, రాత్రి పూట ఎక్కువ ధరకు తినే వంటకమే సూపుతో కలిపి తక్కువలో వస్తుంది.

మాన్‌హట్టన్ దాటి రాలేనివారికి కూడా దారి ఉంది: టాక్సీ డ్రైవర్లు ఆగే చోట్లు. లెక్సింగ్టన్ అవెన్యూ మీద 27, 28 వీధుల దగ్గర, డౌన్‌టౌన్‌లో హ్యూస్టన్ స్ట్రీట్ పక్కన, పసుపు కార్లు వరుసగా నిలిచి ఉన్న పంజాబీ, పాకిస్తానీ కొట్లలో కూరలు వేడిగా, త్వరగా, చవకగా పెడతారు. రోజుకు పన్నెండు గంటలు బండి నడిపే మనిషి చల్లారిన పప్పు కోసం రెండోసారి రాడు.

వసంతం నుంచి శరత్తు దాకా శనివారాల్లో ఉండేట్టయితే, 2015లో మొదలైన క్వీన్స్ నైట్ మార్కెట్‌ను కార్యక్రమంలో పెట్టుకోండి. 7వ నంబరు రైల్లో 111వ వీధి దగ్గర దిగి, న్యూయార్క్ హాల్ ఆఫ్ సైన్స్ వెనుక మైదానానికి నడవాలి. అమ్మకందారులు అయిదారు డాలర్లు దాటకుండా ధరలు పెట్టాలన్నది అక్కడి నియమం కనుక ఒక్క సాయంత్రంలో అనేక దేశాల వంటలు రుచి చూడవచ్చు. చీకటి పడ్డాక వరుసలు బాగా పెరుగుతాయి, తెరిచిన మొదటి గంటలోనే చేరుకోండి. పక్కనే యూఎస్ ఓపెన్ టెన్నిస్ జరిగే ఆగస్టు చివర, సెప్టెంబరు మొదటి వారాల్లో ఈ సంత ఉండదు కాబట్టి, బయలుదేరే ముందు తేదీలు ఒకసారి చూసుకోండి.