నాలుగోసారి తెరిచినప్పుడు

టాల్‌స్టాయ్ ‘వార్ అండ్ పీస్’ను మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ మొదట్లోనే వదిలేశాను. 1805 జులైలో ఆన్నా పావ్లోవ్నా ఇంట్లో ఒక సాయంకాలపు గోష్ఠితో నవల మొదలవుతుంది. అతిథులు వస్తూనే ఉంటారు, ఎవరెవరో తేలదు.

నన్ను ఆపింది కథలోని నిదానం కాదు, పేర్లు! పియర్ అసలు పేరు ప్యోత్ర్ కిరిలోవిచ్. నటాషా, నటాల్యా ఒకరే.

నాలుగోసారి ఒక చీటీ మీద కుటుంబాలవారీగా పేర్లు రాసుకున్నాను. బెజూహోవ్, రోస్తోవ్, బోల్కోన్‌స్కీ. పేరు పక్కనే ముద్దుపేరు. ఆ చీటీనే పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. రోజుకు రెండే అధ్యాయాలు. అవి ఎలాగూ చిన్నవే.

పియర్ తండ్రి, ముసలి కౌంట్ బెజూహోవ్ చావుబతుకుల్లో ఉండగా, పక్కగదిలో ఇద్దరు స్త్రీలు కాగితాల సంచి కోసం పెనుగులాడతారు. ఎంత గొప్ప ఘట్టం! అక్కడికి వచ్చేసరికి చీటీ వైపు చూడటమే మరిచిపోయాను.