మాజీ సైనికుల దగ్గర సంఘ పరిచర్య నేర్చుకోవడం ఎలా?

మీ చర్చి సంఘంలో సైన్యంలో చేసి రిటైరైనవాళ్లు ఉంటే, ఆగస్టు 15న శాలువా కప్పి పంపేయకండి. పని నేర్పమని అడగండి.

కావాల్సినవి ఒక గోడ క్యాలెండరు, ఒక నోటుబుక్కు. వాట్సాప్ గ్రూపు వద్దు. అందులో అందరూ 'ఆమేన్' పెడతారు, చాపలు మాత్రం ఎవరూ పరవరు.

1. చాపలు, మైకు, మంచినీళ్లు, సండే స్కూలు... ఒక్కో పనికి ఒక్కరి పేరే రాయండి. ఇద్దరివి రాస్తే ఇద్దరూ రారు.

2. ఆరాధనకు అరగంట ముందే రావాలి. బట్టలు శనివారం రాత్రే ఇస్త్రీ అయిపోవాలి.

3. బదులు మనిషి వచ్చేదాకా సెంట్రీ, అంటే కాపలా సైనికుడు, తన చోటు వదలడు. సండే స్కూలు టీచరు ఊరెళ్లాలన్నా అంతే, హాజరు పుస్తకం ఇంకొకరి చేతిలో పెట్టాకే బస్సెక్కాలి.

4. లోబడటం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. యూత్ రిట్రీట్‌లో మచ్చల డ్రెస్సు వేసి, విజిల్ ఊది, పిల్లల మీద అరిస్తే క్రమశిక్షణ రాదు. బైబిల్లో మత్తయి సువార్త 8వ అధ్యాయంలో శతాధిపతి (వందమంది సైనికుల మీద ఉండే రోమా అధికారి), తాను అధికారానికి లోబడినవాణ్నని ముందు చెప్పాకే తన చేతికింది సైనికుల మాట ఎత్తాడు. మనవాళ్లు మొదటి సగం వదిలేసి రెండోది పట్టుకుంటారు.

ఇరవై ఏళ్లు దాటిన సర్వీసున్న సుబేదారు, కొడుకు వయసున్న కొత్త లెఫ్టినెంటుకు సెల్యూట్ చేస్తాడు. అలాగే, ఆ వారం బాధ్యత ఉన్న కుర్రాడు "అంకుల్, కుర్చీలు మీరు సర్దండి" అంటే సంఘపెద్ద లేచి సర్దాలి. ముందు పెద్దలతోనే మొదలుపెట్టండి. పిల్లలతో మొదలుపెడితే అది పెత్తనమే అవుతుంది.

ఇంకో జాగ్రత్త. లోబడటమంటే నోరు మూసుకోవడం కాదు. 1950 నాటి సైనిక చట్టంలోని 41వ సెక్షన్ కూడా చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించడాన్నే నేరమంటుంది. కాబట్టి కానుకల లెక్క అడిగిన విశ్వాసిని తిరుగుబాటుదారుడిలా చూడకండి. లెక్క చూపించండి.

5. ప్రేమవిందు, అంటే సంఘమంతా కలిసి చేసే భోజనం. దేశం ముందు, తన కింది సైనికులు తర్వాత, తన సుఖం అన్నిటికన్నా చివర: డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో అధికారులకు నేర్పే వరుస ఇది. అలాగే పాస్టరుగారు, పెద్దలు ఆఖరి బంతిలోనే కూర్చోవాలి. వాళ్లకోసం ముక్కలు ముందే తీసి పక్కన పెట్టకూడదు. కూర అయిపోతే పచ్చడితో తింటారు.