పాత పికప్‌లో హీటర్ పనిచేయకపోతే ముందు దానికి వెళ్లే రెండు పైపులు తాకి చూడండి

'బెంగళూరులో హీటర్ ఎందుకు సార్' అని నవ్వాడు మా మెకానిక్. ఊళ్లో తిరిగినంతకాలం నిజంగానే అక్కర్లేదు. నేను మాత్రం డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున నాలుగింటికి కె.ఆర్.పురంలో బయల్దేరి హొసకోట, చింతామణి మీదుగా మదనపల్లె వెళ్తుంటాను. హొసకోట దాటాక మంచు పట్టిందంటే ముందు అద్దం లోపలివైపంతా మసకే, ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో పాత టవల్, పక్కన కూర్చున్న మా బావ 'రేయ్, కాస్త చూసి నడపరా' అంటూ ఉంటాడు. ఆ అద్దం తేటపడాలంటే హీటర్ ఉండాలి. నా పికప్ 2006 మోడల్ డీజిల్, కొన్న రోజు నుంచీ నాబ్ ఎంత తిప్పినా చల్లగాలే.

పాత బేస్ మోడల్ పికప్‌లలో కొన్నిటికి హీటర్ అసలు ఇవ్వరు, మీ బండికి ఉందో లేదో ముందు అది చూసుకోండి. ఉంటే, పనిచేసే తీరు ఇది. ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం కూలెంట్, అది ఇంజన్‌లో వేడెక్కి, కొంత డ్యాష్‌బోర్డ్ వెనక ఉన్న ఒక చిన్న రేడియేటర్‌లోకి వచ్చి పోతుంది. దాని పేరు హీటర్ కోర్, చాలామంది కాయిల్ అనే అంటారు. బ్లోయర్ దాని మీదుగా గాలి తోస్తే వేడిగాలి వస్తుంది. కాబట్టి ఆగింది గాలా, కూలెంటా అన్నది తేలితే సగం పని అయినట్టే. ఇది తేల్చకుండా డ్యాష్‌బోర్డ్ విప్పుదాం అనే మెకానిక్ దగ్గర్నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

గాలి సంగతి తొందరగా తేలిపోతుంది. బ్లోయర్ అసలు తిరగకపోతే ఫ్యూజ్ చూడండి. ఫ్యూజ్ బాగుంటే మోటార్ దగ్గర కనెక్టర్ తీసి టెస్ట్ ల్యాంప్ పెట్టండి. బల్బు వెలిగిందంటే కరెంట్ వస్తోందన్నమాట, అప్పుడు కనెక్టర్ మళ్లీ పెట్టి, స్విచ్ వేసి, స్క్రూడ్రైవర్ పిడితో మోటార్‌ని మెల్లగా తట్టండి, తిరిగితే బ్రష్‌లు అరిగిపోయాయని అర్థం. ఆఖరి స్పీడ్‌లో మాత్రమే తిరిగి మిగతా స్పీడ్‌లలో ఊరుకుంటే దాదాపుగా స్పీడ్ తగ్గించే రెసిస్టర్ పోయినట్టే, అది చిన్న పార్టు, విప్పడమూ తేలికే. మోటార్ తిరుగుతున్నా గాలి నీరసంగా వస్తోందంటే లోపల ఏదో అడ్డం ఉంది. నా బ్లోయర్‌లోంచి గుప్పెడు పల్లీ తొక్కలు, సీటు లోపలి స్పాంజి ముక్కలు వచ్చాయి. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఎలుకలు ఉంటే అంతే, వైర్లు కొరికేశాయేమో కూడా ఒకసారి చూడండి.

గాలి బాగా వస్తూ చల్లగా ఉంటే కూలెంట్ వైపు రండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. లోపల ప్రెజర్ ఉంటుంది కాబట్టి కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, వేడి మీద మూత తిప్పితే ఆ ప్రెజర్ ఒక్కసారిగా పోయి మొహం మీదకి ఎగజిమ్ముతుంది. పక్కన ఉండే కూలెంట్ డబ్బాలో లెవెల్ చూసి సరేననుకోవద్దు, రేడియేటర్ మెడ దాకా నిండి ఉండాలి. కొంచెం తగ్గినా ముందు దెబ్బతినేది హీటరే, కోర్ ఎత్తులో ఉంటుంది కాబట్టి గాలి అక్కడికి చేరుతుంది. డ్యాష్‌బోర్డ్ వెనక గుడగుడమని చప్పుడు వస్తోందంటే ఇదే కారణం.

ఇప్పుడు అసలు పరీక్ష. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్ కింద రాయి పెట్టి, హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, ఓ పావుగంట ఇంజన్ నడవనివ్వండి. బానెట్ ఎత్తితే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకు గోడలోకి వేలి లావు కంటే కాస్త పెద్దవి రెండు రబ్బరు పైపులు వెళ్తుంటాయి. ఫ్యాన్‌కి చొక్కా చేతులు దూరంగా ఉంచి, పైపులు కాలుతుంటాయి కాబట్టి చేతి వెనకవైపుతో ఒక్క క్షణం తాకి చూడండి.

నా బండిలో ఆ రెండు పైపులు గోడలోకి వెళ్లనే లేదు! ఒక బెత్తెడు ఇనప గొట్టం పెట్టి, రెండు క్లిప్పులు బిగించి, ఒకదానికొకటి కలిపేశారు. ఎప్పుడో కోర్ లీకైతే కొత్తది వేయకుండా ఇలా తప్పించేశారు. హీటర్ వాడని ఊళ్లో ఎవరికీ తెలియదు, అడగరు. సెకండ్‌హ్యాండ్ బండైతే ముందు ఇదే చూడండి.

రెండు పైపులూ సమానంగా వేడిగా ఉన్నాయంటే కూలెంట్ కోర్‌లోంచి బాగానే పారుతోంది, తప్పు నాబ్ నుంచి వెళ్లే కేబుల్‌లోనో, లోపల వేడిగాలిని మళ్లించే తలుపులోనో ఉంది. ఏళ్ల తరబడి కదలని కేబుల్ బిగుసుకుపోతుంది, క్లిప్ ఊడిపోతుంది. ఒకరిని నాబ్ తిప్పమని కింద నుంచి టార్చ్ వేసి చూస్తే తెలిసిపోతుంది. కొన్ని బండ్లలో ఆ కేబుల్ పైపు మీదున్న వాల్వ్‌ని తిప్పుతుంది, వాల్వ్‌కి ఇవతల వేడి, అవతల చల్లగా ఉంటే దోషి ఆ వాల్వే.

ఒకటి వేడి, ఇంకోటి చల్లగా ఉండి, తప్పు ఆ వాల్వ్‌ది కాకపోతే కోర్ పూడుకుపోయింది. మా బావ బండిది ఇదే రోగం. బెంగళూరు బోరు నీళ్ల సంగతి గీజర్ కాయిల్ విప్పిన ఎవరినడిగినా చెప్తారు, ఆ నీళ్లే ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పోస్తే తెల్లటి పొర కట్టక ఏమవుతుంది? ఇంజన్ చల్లారాక రెండు పైపులూ కోర్ దగ్గర ఊడదీసి, కూలెంట్ తిరిగి వెళ్లే వైపు నుంచి మొక్కలకి పట్టే పైపుతో నెమ్మదిగా నీళ్లు వదిలాం. ముందు టీ డికాషన్ రంగు, తర్వాత ఎర్రటి ఒండ్రు, ఇరవై నిమిషాలకి తేట నీళ్లు వచ్చాయి. ప్రెజర్ వాషర్ మాత్రం పెట్టకండి, పాత కోర్ చిట్లిపోతుంది. తీసిన కూలెంట్ బకెట్‌లో పట్టండి, అది తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకితే చచ్చిపోతాయి. మళ్లీ నింపేటప్పుడు కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలపండి.

రెండూ గోరువెచ్చగా ఉండి, గేజ్ ముల్లు కూడా పైకి లేవడం లేదంటే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్, తెరుచుకుని ఉండిపోయిందన్నమాట, లేదా అసలు లేదన్నమాట. 'బండి హీటవుతోంది' అంటే చాలు, చాలా గ్యారేజీల్లో థర్మోస్టాట్ పీకేసి పక్కన పడేస్తారు. ట్రాఫిక్‌లో ముల్లు లేచి, హైవేలో పడిపోతుంటే ఇదే అనుకోండి. ఇంజన్ చల్లగా నడిస్తే డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. పాతది దొరికితే దారానికి కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి కాచండి, దాని మీద కొట్టిన అంకె, సాధారణంగా 82 లేదా 88, ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. గిన్నె మాత్రం మళ్లీ వంటింట్లోకి పోకూడదు.

పైపులు విప్పిన ప్రతిసారీ లోపల గాలి చేరుతుంది. చల్లటి ఇంజన్‌తో బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద నిలిపి, మూత తీసి, హీటర్ పూర్తిగా వేడిలో పెట్టి స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా కూలెంట్ పోస్తూ ఉండండి. పొంగే సూచన కనిపిస్తే మూత పెట్టేయండి. గాలి తీసిన వారానికే మళ్లీ గుడగుడ, కూలెంట్ మళ్లీ తక్కువ, బయట ఎక్కడా లీక్ లేదు అంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) చూపించాలి, అది ఇంట్లో చేసే పని కాదు.

నా బండికి ఆ ఇనప గొట్టం తీసి పైపులు కోర్‌కి కలిపాను. పది నిమిషాల్లో తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు పొర, కాళ్ల కింద మ్యాట్ తడి. కోర్ చిల్లు. బెంగళూరులో స్పేర్‌పార్టులు దొరికే జె.సి. రోడ్‌కి పాతది పట్టుకెళ్లండి, పైపుల వంపు బండి బండికీ మారుతుంది, ఫోటో చూపిస్తే చాలదు. డ్యాష్‌బోర్డ్ తీసి బిగించడానికి ఒక రోజు పోతుంది. కొత్తది పెట్టాక డ్యాష్‌బోర్డ్ మూసే ముందే ఇంజన్ అరగంట నడిపి, క్లిప్పుల కింద పొడి కాగితం పెట్టి చూడండి. నేను చూడలేదు, ఒక క్లిప్ వదులుగా ఉండిపోయి అంతా మళ్లీ విప్పాల్సి వచ్చింది.