రికర్షన్‌లో పారామీటర్ల విశ్లేషణ – నాలుగో పాఠం: సున్నా నుంచే ఎందుకు మొదలుపెట్టాలి?

ఒక ఆర్గ్యుమెంట్ విలువ తేలనప్పుడు ఫంక్షన్ ఫలితం కూడా తేలకపోతే ఆ పారామీటర్‌ను స్ట్రిక్ట్ అంటామనీ, అటువంటి ఆర్గ్యుమెంట్‌ను హాస్కెల్ వంటి లేజీ (అవసరమైనప్పుడే విలువను గణించే) ప్రోగ్రామింగ్ భాషలో సైతం ముందుగానే గణించవచ్చుననీ గత పాఠంలో చూశాం. ఇప్పుడు తనను తానే పిలుచుకునే ఫంక్షన్‌ను తీసుకుందాం.

కూడు(న, మ) = న సున్నా అయితే మ; లేకుంటే కూడు(న − 1, మ + న)

ఇందులో మ స్ట్రిక్ట్ అని కంపైలర్ కనిపెట్టలేకపోతే, మ + న అనే కూడిక ప్రతి పిలుపులోనూ వాయిదాపడి మెమరీలో పేరుకుపోతుంది; న పది లక్షలైతే వాయిదాలూ పది లక్షలే.

కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ మైక్రాఫ్ట్ 1980లో ప్రతిపాదించిన పద్ధతిలో విలువలు రెండే. 0 అంటే గణన ముగియదని నిశ్చయం, 1 అంటే ముగియవచ్చు. కూడికకూ తీసివేతకూ రెండు విలువలూ కావాలి కనుక అక్కడ కనిష్ఠం తీసుకుంటాం; షరతులో పరీక్ష తప్పనిసరి, శాఖల్లో ఒకటి ముగిసినా చాలు కనుక శాఖలకు గరిష్ఠం. స్థిరాంకాలన్నీ 1. ఈ నియమాలతో కూడు ఫంక్షన్‌ను తిరగరాస్తే వచ్చేదాన్ని కూడు′ అందాం.

కూడు′(న, మ) = కనిష్ఠం(న, గరిష్ఠం(మ, కూడు′(న, కనిష్ఠం(న, మ))))

కూడు′ రెండు వైపులా ఉంది కాబట్టి, మొదట అది ఎల్లప్పుడూ 0 అనుకొని కుడివైపు ప్రతిక్షేపిస్తే కనిష్ఠం(న, మ) వస్తుంది. దాన్నే మళ్లీ ప్రతిక్షేపించినా మారదు. న = 1, మ = 0 వద్ద ఫలితం 0; అంటే మ స్ట్రిక్ట్.

అదే 1 నుంచి మొదలుపెడితే ఫలితం న దగ్గర స్థిరపడుతుంది, మ గురించి ఏమీ తెలియదు. అది తప్పు సమాధానం కాదు గాని, కంపైలర్‌కు పనికిరాదు. 0తో మొదలుపెట్టడమంటే ఒక్క పిలుపునూ ముగియనివ్వకపోవడం. ప్రతి ఆవృత్తి, అంటే ఒక్కోసారి ప్రతిక్షేపించడం, మరొక లోతు పిలుపును అనుమతిస్తుంది కనుక, ముగిసే దారి నిజంగా కనిపించినప్పుడే 1 పుడుతుంది. అయితే ఒక జాగ్రత్త అత్యవసరం: 1 నుంచి దిగేటప్పుడు ఎక్కడ ఆగినా ప్రమాదం లేదు, 0 నుంచి ఎక్కేటప్పుడు మాత్రం ఫలితం స్థిరపడే వరకూ ఆగకూడదు. రెండు పారామీటర్లకు ఇన్‌పుట్‌లు 4 రకాలే, ఒక్కొక్కటి ఒక్కసారే 0 నుంచి 1కి మారగలదు కనుక ఈ ప్రక్రియ తప్పక ముగుస్తుంది.

అభ్యాసం: మార్చు(న, మ, ప) = న సున్నా అయితే మ; లేకుంటే మార్చు(న − 1, ప, మ). మొదటి ఆవృత్తిలో మ స్ట్రిక్ట్‌గా కనిపిస్తుంది. ఫలితం స్థిరపడే దాకా కొనసాగించి (1, 0, 1), (1, 1, 0), (1, 0, 0) వద్ద విలువలు రాయండి. ఆ మూడో విలువను కంపైలర్ ఎలా వాడుకుంటుందో వచ్చే పాఠంలో చూద్దాం.