ఇల్లు చూపించే పని – 4వ పాఠం: పార్టీ రాకముందు 40 నిమిషాలు

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క ముందు చూసేద్దాం. ఎల్ ఆకారపు హాలు విస్తీర్ణం ఎన్ని చదరపు అడుగులన్నది ప్రశ్న: పొడవు 6.2 మీటర్లు, వెడల్పు 4.5 మీటర్లు, ఒక మూల పొడవు వైపు 1.8, వెడల్పు వైపు 1.4 మీటర్ల మేర లేదు. మూల ఉందనుకుంటే 27.9 చదరపు మీటర్లు. లేని మూల 2.52. తీసేస్తే 25.38. చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు కాబట్టి, దాన్ని 10.764తో గుణిస్తే 273 చదరపు అడుగులు.

హాలును రెండు ముక్కలు చేసి, 6.2 × 3.1 ఒకటి, 4.4 × 1.4 ఒకటి కలిపినా ఇదే రావాలి. మీకు 39 చదరపు మీటర్లు వచ్చిందంటే రెండో ముక్కకు 4.4 × 4.5 వేశారు, మధ్య స్థలం రెండుసార్లు లెక్కలోకి వచ్చేసింది. 270 చదరపు అడుగులు వచ్చిందంటే ప్రతి కొలతనూ ముందే అడుగుల్లోకి మార్చి, దశాంశాలు లేకుండా దగ్గరి పూర్తి అంకెకు సర్దేశారు. ఒక గదికి 3 చదరపు అడుగుల తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. ఇల్లంతా కలిపాక కొనేవాళ్లు తమ టేపు తెచ్చి కొలిస్తే ఆ తేడాకు జవాబు చెప్పాల్సింది మీరే. మీటర్లలో కొలవండి, మీటర్లలోనే గుణించండి, మార్చడం ఆఖర్న ఒక్కసారి చేయండి.

లేజరు మీటరు వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పరికరం 10 డిగ్రీలు వాలితే 5 మీటర్ల దూరాన్ని దాదాపు 5.08గా చూపిస్తుంది. గోడ నుంచి ఎదురు గోడకు కొలిచేటప్పుడు వాలు వల్ల వచ్చే తప్పు ఎప్పుడూ ఎక్కువ వైపే ఉంటుంది. అందుకే మూడుసార్లు కొలిచి తక్కువ వచ్చింది తీసుకోండి. కొలత పరికరం ముందు అంచు నుంచా, వెనక అంచు నుంచా అన్నది తెరమీద గుర్తు చూసి తేల్చుకోండి. అది తప్పితే ప్రతి గదిలోనూ పరికరం పొడవంత తేడా వస్తుంది.

ఇక ఈ పాఠం. ఏజెంటు రోజులో బయటివాళ్లకు కనిపించేది ఇల్లు చూపించే అరగంట. ఆ అరగంట ఎలా సాగుతుందన్నది పార్టీ, అంటే ఇల్లు చూడటానికి వచ్చే కొనేవాళ్లు, వచ్చేలోపే చాలావరకు తేలిపోతుంది. సాయంత్రం 4 గంటలకు చూపించాలంటే మీరు 3:20కి తాళం తీసి ఉండాలి. ఆ 40 నిమిషాలూ ఇంటిని మీరు కొనేవాడి కళ్లతో చూడాలి. ఆ ఇల్లు మీరు పదిసార్లు చూసినదైనా సరే.

ముందు రోజు సాయంత్రం

రెండు ఫోన్లు చేయాలి. మొదటిది ఇంట్లో ఉంటున్నవాళ్లకు, ఓనరైనా అద్దెకున్నవాళ్లైనా. సమయం ఖాయం చేసుకోండి. నగలు, మందులు, బ్యాంకు కాగితాలు వాళ్లనే లోపల పెట్టుకోమనండి. పెంపుడు కుక్క ఉంటే ఆ గంట ఎక్కడ ఉంటుందో అడగండి. వాళ్ల వస్తువు ఒక్కటి కూడా మీ చేత్తో కదపకండి. తర్వాత ఏది కనిపించకపోయినా మొదట మీరే గుర్తొస్తారు.

రెండో ఫోను పార్టీకి. “రేపు 4 గంటలకు కలుద్దాం” అని వదిలేయకండి. “ఎవరెవరు వస్తున్నారండీ?” అని అడగండి. నిర్ణయం తీసుకునే మనిషి రాకపోతే ఆ చూపింపు సగమే జరిగినట్టు, మళ్లీ ఇంకోసారి తాళం తీయాలి. నడవడం కష్టమైన పెద్దవాళ్లు వస్తుంటే మెట్లు ఎన్నో ముందే చెప్పండి. మెట్ల సంఖ్య రాసిపెట్టుకున్న ఏజెంట్లు తక్కువ. ఆ ఒక్క అంకె చెప్పగలిగితే మీరు ఇంటిని ఎంత శ్రద్ధగా చూశారో అవతలివాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఒకే రోజు ఒకే పార్టీకి మూడు, మహా అయితే నాలుగు ఇళ్లు చాలు. ఐదోది చూసేసరికి వంటగది ఏ ఇంటిదో, బాల్కనీ ఏ ఇంటిదో కలిసిపోతాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణ సమయం కాక మరో 15 నిమిషాలు ఖాళీ ఉంచండి. నచ్చిన ఇంట్లో మనుషులు నిలబడిపోతారు. అలాంటప్పుడు మీరు గడియారం చూడాల్సిన పరిస్థితి ఉండకూడదు.

సంచిలో ఉండాల్సినవి: టేపు, లేజరు మీటరు, టార్చి, గదుల కొలతలు రాసిన ప్లాను రెండు కాపీలు, పవర్ బ్యాంకు, నోటు పుస్తకం, పాత గుడ్డ, ఒక ప్లాస్టిక్ మగ్గు. మగ్గు సంగతి కాసేపట్లో వస్తుంది. తాళంచెవికి కట్టే చీటీ మీద చిరునామా రాయకండి, ఒక నంబరు రాయండి. ఏ నంబరు ఏ ఇంటిదో ఆఫీసు పుస్తకంలో ఉంటుంది. చెవులు ఎక్కడైనా జారిపోతే దొరికినవాడికి అవి వట్టి చెవులే.

3:20 – బయటి నుంచి మొదలు

నేరుగా లోపలికి వెళ్లకండి. పార్టీ ఎటు నుంచి వస్తుందో అటు నుంచే నడిచి రండి. బండి ఎక్కడ పెడతారు, గేటు గొళ్లెం సాఫీగా కదులుతుందా, కాలింగ్ బెల్లు మోగుతుందా, మెట్ల దగ్గర లైటు వెలుగుతుందా చూడండి. లిఫ్టు ఉంటే ఎక్కి చూడండి. తాళం రెండుసార్లు తీసి వేయండి. తలుపు ముందు రెండు నిమిషాలు తాళంతో కుస్తీ పడితే, ఆ రెండు నిమిషాలూ పార్టీ గోడల మీది మరకలు లెక్కపెడుతూ ఉంటుంది.

లోపలికి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని కిటికీలు తెరవడం. ఎదురెదురు కిటికీలు తెరిస్తే గాలి ఆడుతుంది, మూసి ఉన్న ఇంటి ముక్క వాసన తగ్గుతుంది. సెంటు చల్లే స్ప్రేలు వాడొద్దు. ఘాటైన సువాసన తగలగానే దేన్నో కప్పిపుచ్చుతున్నారన్న అనుమానం వస్తుంది, కొందరికి ఆ వాసన పడదు కూడా.

వాసన, నీళ్లు

కిటికీలు తెరిచినా మురుగు వాసన పోకపోతే కంగారు పడకండి. ఖాళీ ఇళ్లలో దీనికి తరచుగా కనిపించే కారణం చాలా చిన్నది. బాత్రూం జాలీ కింద, సింకు కింద ఒక వంపు గొట్టం ఉంటుంది. ప్లంబర్లు దాన్ని ట్రాప్ అంటారు. ఆ వంపులో నిలిచి ఉండే నీళ్లే డ్రైనేజీ గాలిని పైకి రానివ్వకుండా అడ్డుకునే మూత. ఇల్లు కొన్ని వారాలు వాడకపోతే ఆ నీళ్లు ఆవిరై, దారి తెరుచుకుంటుంది. ప్రతి జాలీలో, ప్రతి సింకులో మగ్గెడు నీళ్లు పోయండి. కాసేపట్లో తేడా తెలుస్తుంది. ఎక్కువకాలం ఖాళీగా ఉండే ఇళ్లకు వారానికోసారి వెళ్లి ఈ పని చేసే అలవాటు పెట్టుకోండి.

నీళ్లు పోశాక కూడా వాసన తగ్గకపోతే ట్రాప్ పగిలిందో, గొట్టం జాయింటు వదులైందో అయి ఉండాలి. అది ఓనరుకు చెప్పి ప్లంబరును పిలిపించాల్సిన సంగతి. ఆ రోజు వచ్చిన పార్టీకి కూడా ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే.

ప్రతి కుళాయి తిప్పండి. మొదట వచ్చే నీళ్లు ఎర్రగా ఉంటే నిమిషం వదిలి చూడండి. తేటపడితే గొట్టంలో నిలిచిన తుప్పు అనుకోవచ్చు. తేటపడకపోతే రాసుకోండి. ఫ్లష్ నొక్కి, ట్యాంకు నిండాక నీళ్లు కారడం ఆగిందో లేదో వినండి. నీటి ధార ఎలా ఉందో అంకెల్లో చెప్పడానికి 10 లీటర్ల బకెట్టు పెట్టి ఫోనులో సమయం చూడండి. 60 సెకన్లలో నిండితే నిమిషానికి 10 లీటర్లు, 2 నిమిషాలు పడితే 5 లీటర్లు. “నీళ్లు బాగానే వస్తాయండీ” అన్న మాట ప్రతి ఏజెంటూ అంటాడు. “బాత్రూంలో నిమిషానికి 10 లీటర్లు, వంటగదిలో 6” అంటే వినేవాళ్లు తల ఎత్తి చూస్తారు.

గోడలు ఏం చెబుతాయి

టార్చిని గోడకు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. ఎదురుగా వెలుతురు పడితే కనిపించని ఉబ్బులు, అతుకులు, పెచ్చులు ఇలా వేస్తే నీడలై కనిపిస్తాయి.

చెమ్మ ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి కారణం చాలావరకు ఊహించవచ్చు. కింది అంతస్తు గోడల్లో నేల నుంచి దాదాపు మీటరు ఎత్తు వరకు పట్టీలా ఉంటే నేలలోని తేమ పైకి పాకుతోంది. అక్కడ తెల్లటి పొడి రాలుతుంటే అది తేమతో పాటు బయటికొచ్చి ఎండిన లవణం. పై కప్పులో గుండ్రటి మరక ఉంటే, పైన బాత్రూం గాని ట్యాంకు గాని ఉందేమో చూడండి. కిటికీ కింది మూలల్లో మరక ఉంటే వాననీరు దిగుతోంది. గదంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే, ఎందుకు వేశారో ఓనరును అడిగి తెలుసుకోండి. పార్టీ ఆ ప్రశ్న అడుగుతుంది.

పగుళ్లు చూడగానే భయపడనూ వద్దు, కొట్టిపారేయనూ వద్దు. మిల్లీమీటరు లోపు సన్నగా, వెంట్రుకలా, ప్లాస్టరు మీద మాత్రమే ఉండేవి సాధారణంగా ఆరేటప్పుడు వచ్చినవే. తలుపు లేదా కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగి, ఒక చివర సన్నగా మరో చివర వెడల్పుగా ఉన్న పగులు, లేదా 5 మిల్లీమీటర్లు దాటిన పగులు ఇంజనీరు చూడాల్సినది. ఆ గదిలో తలుపు పట్టేస్తుంటే అదీ రాసుకోండి. ఇవి రెండూ ఒకే కదలిక వల్ల వచ్చి ఉండొచ్చు. “ఏం పర్లేదండీ” అనే అధికారం మీకు లేదు. చూశాను, కొలిచాను, ఇంజనీరుతో చూపించుకోండి అనడం వరకే మీ హద్దు.

స్విచ్చులన్నీ వేసి చూడండి, మాడిపోయిన బల్బులు మార్చండి. పడకగదిలో ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడి ఏం వినిపిస్తోందో వినండి. దిక్కులు ఫోను దిక్సూచితో చూసేటప్పుడు ఇనుప గ్రిల్లు, ఇనుప తలుపు, కాంక్రీటు స్తంభం పక్కన నిలబడకండి. వాటిలోని ఇనుము వల్ల సూచి పక్కకు తిరుగుతుంది. ఆరుబయట, కారుకు కూడా దూరంగా నిలబడి చూసి, ప్లాను మీద బాణం గీయండి. పడమటి కిటికీల గదిలో మధ్యాహ్నం దాటాక ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుందని చెప్పడానికి ఆ బాణమే ఆధారం.

4:00 – పార్టీ వచ్చాక

గది గుమ్మం దగ్గర పక్కకు జరిగి వాళ్లనే ముందు వెళ్లనివ్వండి. ఇందులో రెండు లాభాలున్నాయి. గదిని వాళ్లు మీ వీపు అడ్డం లేకుండా చూస్తారు. పరిచయం లేని మనుషులతో ఒంటరిగా ఉన్నప్పుడు బయటికి దారి మీ వెనకే ఉంటుంది. మొదటిసారి కలిసే పార్టీని వీలైతే ముందు ఆఫీసులో కలవండి. ఎక్కడున్నారో, ఎప్పటికి వస్తారో తోటివాళ్లకు మెసేజి పెట్టండి. ఇది ఆడవాళ్లకే కాదు, అందరికీ.

మొదటి మూడు నాలుగు నిమిషాలు మాట్లాడకండి. ఇది వంటగది, ఇది బాత్రూం అని చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. వాళ్లు తమ మంచం ఎక్కడ పడుతుందో, పిల్లవాడు ఎక్కడ చదువుకుంటాడో మనసులో సర్దుకుంటూ ఉంటారు. ఆ సమయంలో మీ మాట అడ్డం. “ఈ గోడకు మా బీరువా పడుతుందా?” అన్న ప్రశ్న రాగానే టేపు తీయండి. గది పెద్దదిగా ఉంది, వెలుతురు బాగుంది లాంటి మెచ్చుకోళ్లు మర్యాదకు కూడా అంటారు. బీరువా ప్రశ్న మర్యాదకు ఎవరూ అడగరు.

లోపాలు వాళ్లు కనిపెట్టేలోపు మీరే చూపించండి. చెమ్మ పట్టిన గోడ దగ్గరికి మీరే తీసుకెళ్లి, ఓనరు ఏం చేయబోతున్నారో చెప్పాలి. మీరు ఓనరు తరఫున పనిచేస్తున్నా, లోపాన్ని దాచడం ఓనరుకు మేలు చేయదు. కొన్నాక బయటపడిన లోపం తగాదాగా తిరిగొస్తుంది. మీరు ఎవరి తరఫు ఏజెంటో, కమీషను ఎవరిస్తున్నారో కూడా పార్టీకి స్పష్టంగా తెలియాలి.

తెలియని ప్రశ్నకు జవాబు ఒక్కటే: “అది నాకు తెలియదండీ, రేపు మధ్యాహ్నంలోగా కనుక్కుని చెబుతాను.” చెప్పి, వాళ్ల ముందే నోటు పుస్తకంలో రాయండి. హక్కు పత్రాల చిక్కులు న్యాయవాదికి వదలండి. “చుట్టుపక్కల ఎలాంటివాళ్లు ఉంటారు?” అని అడిగితే మనుషుల్ని వర్గాలుగా విడదీసి జవాబు చెప్పకండి. కొన్ని దేశాల్లో అది చట్టవిరుద్ధం, ఎక్కడైనా తప్పు. ఒక పొద్దున, ఒక రాత్రి వచ్చి వీధిలో నడిచి చూడమని చెప్పండి.

వాళ్లు వెళ్లాక

తెరిచిన వరుసకు తిరగబడి మూయండి: కుళాయిలు, లైట్లు, కిటికీలు, తలుపు. తాళం వేశాక లాగి చూడండి. అక్కడి నుంచి కదలకముందే నోటు రాయండి. రాత్రికి రాద్దాంలే అనుకుంటే మూడు ఇళ్ల మాటలు ఒకటైపోతాయి. నోటు ఇలా ఉంటే చాలు:

“4:05 నుంచి 4:40. భార్యాభర్తలు, అత్తగారు. బీరువా కొలిచారు, పడుతుంది. అత్తగారికి 18 మెట్లు కష్టమన్నారు. ‘వంటగది ఇరుకు’ రెండుసార్లు. అడిగినవి: నెలవారీ నిర్వహణ ఖర్చు, బాల్కనీకి గ్రిల్లు వేయనిస్తారా. రేపు 12 లోగా చెప్పాలి.”

మర్నాడు పార్టీకి జవాబులు చెప్పాక అడగాల్సిన ప్రశ్న “నచ్చిందా?” కాదు. దానికి “ఆలోచిస్తామండీ” తప్ప వేరే జవాబు రాదు. “ఆ ఇంట్లో చేరాలంటే ఏం మార్చుకోవాల్సి వస్తుంది?” అని అడగండి. వచ్చిన జవాబును ఓనరుకు అదే మాటల్లో చేర్చండి. మెత్తగా చేసి చెబితే ఓనరు మనసు నొచ్చుకోదు గాని, ఇల్లూ కదలదు. ఫోన్లే రాకపోతే లోపం ధరలోనో, ఫోటోల్లోనో, ప్రకటనలోనో ఉంది. ఫోన్లు వచ్చి, పది మంది చూసి, ఒక్కరూ బేరానికి రాకపోతే ఫోటోల్లో కనిపించిందీ లోపల ఉన్నదీ వేరు, లేదా ఆ ధరకు ఆ ఇల్లు చాలడం లేదు. ఎటు వైపో మీ నోట్లే చెబుతాయి.

అభ్యాసం

ఈ వారం మీరుంటున్న ఇంటినే అమ్మకానికి పెట్టినట్టు అనుకుని 40 నిమిషాల పని చేయండి. ఒక పేజీలో రాయాల్సినవి: వీధి నుంచి గుమ్మం దాకా మెట్లు ఎన్ని, రెండు కుళాయిల ధార నిమిషానికి ఎన్ని లీటర్లు, దిక్కుల బాణంతో ప్లాను, టార్చి వెలుగులో కనిపించిన మూడు లోపాలు. ఒక్కో లోపాన్ని కొనేవాళ్లకు ఎలా చెబుతారో రెండేసి వాక్యాల్లో రాసి, పైకి చదవండి. 5వ పాఠంలో ధర కట్టడం నేర్చుకునేటప్పుడు ఈ పేజీ కావాలి, పారేయకండి.