మన ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవారి చరిత్ర రాయడం ఎలా?

కందుకూరు పొగాకు బ్యారన్లలో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టాల్లో), సైదాపురం మైకా గనుల్లో, చీమకుర్తి క్వారీల్లో చెమటోడ్చిన కుటుంబాల నుంచి తొలిసారి కాలేజీ గడప తొక్కినవారిలో చాలామంది ఇప్పుడు పెద్దవయసులో ఉన్నారు. వారి చదువు ఎలా సాగిందో రాసిపెట్టదలచినవారికి స్కాట్లాండ్ చరిత్ర మంచి దారి చూపుతుంది.

పేదవాడైనా తెలివి ఉంటే విశ్వవిద్యాలయానికి చేరగలడని ఆ దేశం చాలాకాలం గర్వంగా చెప్పుకుంది. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. ప్రతి పారిష్‌లోనూ (ఒక చర్చి కిందకు వచ్చే ఊళ్ల పరిధి) బడి ఉండాలని 1696లోనే చట్టం చేశారు. అబర్డీన్‌లో పోటీ పరీక్ష రాసి ఉపకారవేతనం పొందే వీలుండేది. తరగతులు ప్రధానంగా చలికాలంలోనే జరిగేవి కాబట్టి వేసవిలో కూలికి పోవచ్చు. పదేళ్లకే బ్లాంటైర్ నూలుమిల్లులో చేరి, తర్వాత ఆఫ్రికా అన్వేషకుడిగా పేరుపొందిన డేవిడ్ లివింగ్‌స్టన్, 1836 నుంచి గ్లాస్గోలోని ఆండర్సన్ కాలేజీలో వైద్యం చదివింది మిల్లు కూలి డబ్బుతోనే. అయితే గ్లాస్గో విశ్వవిద్యాలయ ప్రవేశ పుస్తకాల్లో తండ్రి వృత్తి కూడా రాసేవారు. అటువంటి ఆధారాలను లెక్కగట్టిన చరిత్రకారులకు తేలిందేమిటంటే, చేతిపనివారి పిల్లలు చెప్పుకోదగ్గంతమంది ఉన్నా గని కూలీల, వ్యవసాయ కూలీల పిల్లలు బహుకొద్దిమందే. ఆడపిల్లలకైతే 1892 దాకా ప్రవేశమే లేదు.

కాబట్టి మీరూ పెద్దల జ్ఞాపకాలతో సరిపెట్టుకోకుండా కాగితంతో మొదలుపెట్టండి. చదివిన బడికి వెళ్లి, ప్రధానోపాధ్యాయులకు అర్జీ ఇచ్చి, అడ్మిషన్ రిజిస్టరులో మీవారి పేరున్న వరుసను చూడనివ్వమని అడగండి. తండ్రి వృత్తి అన్న గడి ఉంటే అందులోని మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి. డిగ్రీ కాగితాల విషయంలో కాలేజీ అప్పుడు ఏ విశ్వవిద్యాలయం కింద ఉండేదో ముందే తెలుసుకోవాలి. నెల్లూరు కాలేజీలు 2008లో విక్రమ సింహపురి రాకముందు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి.

అసలు శ్రమంతా ఖర్చుల దగ్గర పెట్టాలి. 1901లో, స్కాట్లాండ్‌లో పుట్టి అమెరికాలో ఉక్కు వ్యాపారంతో ధనవంతుడైన ఆండ్రూ కార్నెగీ 20 లక్షల పౌండ్లతో నిధి ఏర్పరచి స్కాట్లాండ్ విద్యార్థుల ఫీజులకు తోడ్పడ్డాడు. అయినా గది అద్దె, తిండి, ఇంటికి రాకుండా పోయిన కూలి అలాగే మిగిలాయి. ఇంటికెళ్లి ఓట్స్ పిండి తెచ్చుకోవడానికే అక్కడి విద్యార్థులకు ‘మీల్ మండే’ (పిండి సోమవారం) అనే సెలవు ఉండేదని చెబుతారు. మన పెద్దలనూ ఇదే విధంగా అడగండి: గదిలో ఎందరుండేవారు, ఊరి నుంచి బియ్యం మూట ఎవరు మోసుకొచ్చేవారు, సెలవుల్లో ఏ పనికి వెళ్లారు, ఆ రోజుల్లో కూలి ఎంత? తండ్రిని పోగొట్టుకున్న టంగుటూరి ప్రకాశం చదువు వెనుక ఒంగోలులో తల్లి నడిపిన పూటకూళ్ల ఇల్లూ, గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడి అండా ఉన్నాయి. మీ ఇంట్లో ఆ తల్లి ఎవరో, ఆ గురువు ఎవరో పేర్లతో సహా రాయాలి.

అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను విడివిడిగా కూర్చోబెట్టి అడగడం చాలా ముఖ్యం. తమ్ముడు కాలేజీలో చేరిన ఏడాదే బడి మానేసి పొగాకు గ్రేడింగుకు వెళ్లిన అక్క ఉంటే, ఆమె మాట లేని చరిత్ర సగమే అవుతుంది. రిజిస్టరులో కూలి అని ఉండి, పెద్దాయన మాత్రం సొంత సేద్యమని చెబితే, ఒకదాన్ని కొట్టివేయకుండా ఏ మాట ఎక్కడిదో, ఏ తేదీన రాసుకున్నారో పక్కనే చేర్చి రెండింటినీ ఉంచండి.