పెల్లెట్ పనిచెయ్యట్లేదా? క్యాటలిస్ట్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

సమస్య: మెత్తటి పొడి రూపంలో టెస్ట్ చేసినప్పుడు బ్రహ్మాండంగా నడిచిన క్యాటలిస్ట్ (రియాక్షన్‌ని వేగంగా నడిపించే పదార్థం), 5 మిల్లీమీటర్ల పెల్లెట్‌గా, అంటే గట్టి గుళికగా చేసి రియాక్టర్‌లో పోస్తే చతికిలబడింది.

కారణం: వెంటనే బ్యాచ్ బాలేదు, పాయిజన్ అయింది (ఏదో మలినం అంటుకుని చచ్చుబడింది) అంటారు గానీ చాలాసార్లు అదేం కాదండి, రియాక్షన్ స్పీడుగా ఉండి డిఫ్యూజన్ (సన్నటి రంధ్రాల్లోంచి గ్యాస్ లోపలికి పాకడం) నెమ్మదిగా ఉంటే గ్యాస్ లోపలిదాకా చేరకముందే పై పొరలోనే ఖర్చయిపోతుంది, నడిమధ్యన ఉన్న ఖరీదైన మెటల్ అంతా ఖాళీగా కూర్చుంటుంది. 1939 నుంచి ఉన్న థీల్ మాడ్యులస్ అనే అంకె చెప్పేది ఇదే: రేట్ కాన్‌స్టంట్‌ని (రియాక్షన్ ఎంత స్పీడో చెప్పేది) ఎఫెక్టివ్ డిఫ్యూజివిటీతో (పెల్లెట్ లోపల గ్యాస్ ఎంత తేలిగ్గా పాకుతుందో చెప్పేది) భాగించి, స్క్వేర్ రూట్ తీసి, సైజుతో గుణించండి (గుండ్రటి పెల్లెట్‌కి సైజంటే రేడియస్‌లో మూడో వంతు). 0.3 లోపు వస్తే దిగులు లేదు. 10 వచ్చిందంటే మీ క్యాటలిస్ట్‌లో దాదాపు పదో వంతే పనికొస్తున్నట్టు.

పరిష్కారం: నలగ్గొట్టి చూడండి, అంతే. అదే బరువు, అదే టెంపరేచర్, అదే ఫ్లో పెట్టి సైజు మాత్రం తగ్గిస్తూ పోండి, రేటు పెరుగుతూ ఉంటే అడ్డం లోపలే ఉంది, ఇక పెరగనప్పుడు వచ్చేదే అసలు రేటు. అలాగని పెద్ద రియాక్టర్‌లో పొడి పోస్తే ప్రెజర్ డ్రాప్‌తో (గ్యాస్ దూరలేక ప్రెజర్ పడిపోయి) చస్తారు, అక్కడ రింగులు గానీ మూడు రెమ్మల ట్రైలోబ్ షేపులు గానీ వాడాలి, లేదా మెటల్‌ని పై పొరలోనే ఎక్కించిన ఎగ్‌షెల్ రకం తీసుకోవాలి.

సమస్య: క్యాటలిస్ట్ టెస్టులో యాక్టివేషన్ ఎనర్జీ (టెంపరేచర్‌తో రేటు ఎంతగా మారుతుందో చెప్పేది) రావాల్సినదాంట్లో సగమే వస్తోంది.

ఇదీ ఆ జబ్బే, పెల్లెట్ లోపలి డిఫ్యూజన్ అడ్డే. తక్కువ టెంపరేచర్‌లో, చిన్న రేణువులతో మళ్లీ కొలవండి. సగం కూడా కాదు, ఇంకా బాగా తక్కువొస్తే మాత్రం బయటి గ్యాస్ ఫిల్మ్‌ని (పెల్లెట్ చుట్టూ కదలకుండా ఉండే పల్చటి గ్యాస్ పొరని) అనుమానించండి, కాంటాక్ట్ టైమ్ (గ్యాస్ క్యాటలిస్ట్‌ని తాకి ఉండే సమయం) మార్చకుండా గ్యాస్ వేగం పెంచితే తేలిపోతుంది. రియాక్షన్ ఆర్డర్ (కాన్సన్‌ట్రేషన్‌తో రేటు ఎంతగా మారుతుందో చెప్పే అంకె) చూసి మాత్రం తీర్పు ఇవ్వకండి, సెకండ్ ఆర్డర్ 1.5లా కనిపిస్తుంది గానీ ఫస్ట్ ఆర్డర్ ఫస్ట్‌గానే ఉంటుంది.

సమస్య: లిథియం బ్యాటరీ నెమ్మదిగా వాడితే ఫుల్ కెపాసిటీ, స్పీడుగా లాగితే సగంలోనే కట్ ఆఫ్.

కారణాలు చాలా ఉండొచ్చు, ఇక్కడా డిఫ్యూజన్ అడ్డు రావొచ్చు కాబట్టి ముందు ఎలక్ట్రోడ్‌లోని రేణువు లెక్క చూడండి. రేడియస్ 5 మైక్రాన్లు, డిఫ్యూజివిటీ సెకనుకి 10⁻¹⁴ చదరపు మీటర్లు అనుకుంటే, రేడియస్ స్క్వేర్‌ని డిఫ్యూజివిటీతో భాగిస్తే లిథియం రేణువంతా పాకడానికి పట్టే టైమ్ సుమారుగా 2500 సెకన్లు, అంటే 40 నిమిషాల పైమాటే. 20 నిమిషాల్లో ఖాళీ చేద్దామంటే లిథియం లోపల ఎలా సర్దుకుంటుంది చెప్పండి? రేడియస్ సగం చేస్తే టైమ్ నాలుగో వంతుకి పడిపోతుంది. కాకపోతే రేణువు చిన్నదయ్యేకొద్దీ సర్ఫేస్ ఏరియా పెరుగుతుంది, దాంతోపాటు ఎలక్ట్రోలైట్‌తో అక్కర్లేని రియాక్షన్లూ పెరుగుతాయి.